నూగుకాయల కొత్త

కాయ కంటపడగానే వెంకటమ్మ చేతులు ఆగిపోయాయి. కూలీల చేత పని చేయించే సర్దారు చూస్తే అరుస్తాడని తెలుసు, అయినా ఆగిపోయాయి. మూడేళ్లనుంచీ చెరుకు సాళ్లలో గడ్డి తవ్వడం తప్ప వేరే పని ఎరగని చేతులు. మొక్కనుంచి కాయ తుంపి ఎన్నాళ్లయిందో వాటికే తెలియాలి.

ఓడ తెచ్చి దింపిన దీవిలో, లబాసా ఏటికి అవతలి ఎస్టేటు అది. పాత చెరుకు పెరికేసిన మడిలో ఆ ఏడు కులంబర్ దొర ఏదో కొత్త విత్తనం వేయించాడు. ఎస్టేటు చూసుకునే తెల్లదొరని అక్కడి కూలీలు కులంబర్ అనేవాళ్లు. ఓడలో వచ్చిన చిక్కుడు జాతి విత్తనమట. మొక్క పచ్చగా ఉండగానే నాగలితో మట్టిలో కలిపేస్తే భూమికి బలమట, మీదట వేసే చెరుకు ఏపుగా వస్తుందట. వచ్చే బుధవారం నాగళ్లు దిగుతాయన్నారు. ఈలోగా ఆ మడి గట్ల వెంట గడ్డి తీసే పని ఆడవాళ్ల గ్యాంగుకి పడింది.

మోకాలెత్తు మొక్క. కణుపుకణుపుకీ గుత్తులుగా కాయలు, ఒక్కోదాంట్లో రెండు మూడు గింజలు, పైన మాత్రం ఒళ్లంతా నూగు. దొర దాన్ని సోయా అన్నాడట. ఆ పేరు ఎవరి నోటికీ పట్టలేదు. వెంకటమ్మ నూగుకాయ అంది, కూలీల గదుల వరసలైన లైన్లలో అదే పేరైపోయింది.

"అది విషం. ఒక్క గింజ మింగినా పేగులు పుండైపోతాయి" అని రామ్ లాల్ సర్దారు పొద్దున్నే అందర్నీ నిలబెట్టి మరీ చెప్పాడు. అది దొర చెప్పిన మాటో, కాయలు తెంపుతూ కూర్చుంటే పని సాగదని తనే అల్లిన మాటో ఎవరికీ తెలియదు. సర్దారు నోట ఏది వస్తే అదే దొర మాట అనుకోవాలి. దొర భాష ఆడవాళ్లకి రాదు. ఆడవాళ్ల గోడు సర్దారు చెప్తేనే దొర చెవిన పడుతుంది. చెప్పాలనిపిస్తే చెప్తాడు, లేకపోతే లేదు.

"దీదీ, చేతులాపావేం? చూస్తున్నాడు" అంది పక్క సాల్లోంచి బసంతి. బసంతిది ఉత్తరాది, భాష హిందీ. మూడేళ్ల లైన్ల కాపురంలో ఇద్దరూ చెరో సగం కలిపి తమకంటూ ఒక భాష చేసుకున్నారు.

"ఇది ఇసం కాదే" అంది వెంకటమ్మ, గడ్డిపార మళ్లీ ఆడిస్తూ. "ఆ మైనాల్ని సూడు. ఎలా సీల్చుకు తింతన్నాయో."

"మైనా కడుపూ మన కడుపూ ఒకటేనా?"

"సూద్దాం. ఒకటో కాదో రేపటికి తెలుత్తాది."

సాయంత్రం బసంతి మేకకి గడ్డిమోపు కట్టినప్పుడు అందులో రెండు దోసిళ్ల కాయలు లైన్లకి చేరాయి.

వెంకటమ్మ పుట్టింది శృంగవరపుకోట అవతల కొండల దాపున ఒక పల్లెలో. అక్కడ ఎరగని కాయో దుంపో దొరికితే దాన్ని పట్టి చూసే పద్ధతి ఒకటుంది. ఉడికించి తొలినీరు పారబోస్తారు. మళ్లీ ఉడికించి నాలుగంటే నాలుగు గింజలు నోట్లో వేసుకుంటారు. తెల్లారిందాకా ఇంకేమీ తినరు. మనిషి నిక్షేపంగా లేస్తే అది తిండి. అంతే లెక్క.

నాలుగు గింజలూ నమిలి మింగి, కొంగుతో మూతి తుడుచుకుంటున్న పెళ్లాన్ని చూసి కేశవ గుమ్మంలో కూలబడ్డాడు. చెరుకు నరికి నరికి అతని అరచేతులు ఎప్పుడూ సగం మూసుకునే ఉంటాయి.

"నువ్వు సచ్చిపోతే నాకు బువ్వెవులొండుతారే?"

"ఇంకోత్తిని తెచ్చుకో మావా. ఈ ఏడు ఎన్ని ఓడలొచ్చినాయి కాదు."

"ఓడెక్కొచ్చినదాన్ని ఓపాలి సూసినాను. సాలు" అన్నాడు కేశవ.

తెల్లారింది. వెంకటమ్మ లేచి కడుపు నాలుగు వైపులా నొక్కి చూసుకుంది. ఆకలి తప్ప ఇంకే బాధా లేదు.

శుక్రవారం పని ముగించుకుని వచ్చేసరికి పొద్దు ఇంకా రెండు బారలుంది. ఈసారి గడ్డిమోపులో ఒక బుట్టెడు కాయలొచ్చాయి. వెంకటమ్మ కాళ్లయినా కడుక్కోకుండా పనిలోకి దిగింది.

తొడిమలు తుంచి, కాయకాయకీ రెండు కొసలూ కత్తితో కోసింది. అలా కోస్తేనే ఉప్పు లోపలి గింజ దాకా వెళ్తుంది. రాళ్లుప్పు గుప్పెడు చల్లి, చేటలో వేసి రెండు చేతులా పామింది. పామగా పామగా నూగంతా ఊడి అరచేతులకి అంటుకుంది, గడ్డిపార బొబ్బల్లో ఉప్పు దిగి చురచురలాడింది. కిరసనాయిలు డబ్బాలో నీళ్లు తెర్లుతున్నాయి. అదే ఉప్పుతో కాయలు అందులో పోసింది. ఎక్కువసేపు అక్కర్లేదు. కాయ నొక్కితే గింజ జారి బయటపడాలి. అంతకుమించితే పిండైపోతుంది. ఒక కాయ తీసి ఊదుకుంటూ నొక్కి చూసింది. గింజ ఎగిరి పొయ్యిలో పడింది. "అయిపోయినాది" అనుకుంటూ డబ్బా దించి నీళ్లు వార్చేసింది.

మూకుడులో గరిటెడు కొబ్బరినూనె. నూనె కాగేలోగా ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు రాతిమీద పెట్టి బరకగా నలిపింది. మెత్తగా నూరితే కారం తొక్కకి పట్టదు, జారిపోతుంది. నలిపింది నూనెలో పడగానే ఘాటు గదంతా కమ్మేసి, కేశవ దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాడు. పొయ్యిమీంచి దించి, కాయలు అందులో వేసి నాలుగుసార్లు ఎగరేసి, పైన నిమ్మకాయ పిండింది. మొత్తం కలిపి బియ్యం కడిగి ఎసట్లో పోసేపాటి పని.

కాయ కొస పట్టుకుని పళ్ల మధ్య పెట్టి లాగాలి. తొక్కకి అంటిన ఉప్పూ కారం పులుపూ ముందు నాలుకకి తగులుతాయి, తర్వాత గింజ కమ్మగా వచ్చి పడుతుంది. వెంకటమ్మ అలా లాగబోతుండగా గుమ్మంలోంచి కేక వినబడింది.

"ఆగే. కొత్త తిండి. పెద్దకెట్టకుండా నోట్లో ఎట్టేసుకుంతావేటి?"

పైడమ్మ. ఆ పక్క కొండల మనిషే. అయిదేళ్ల గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, ముగించి, ఇంటికి పోయే దారి లేక ఇంకో గిర్మిట్ రాసుకున్న ముసలిది. లైన్లలో తెలుగు ఆడవాళ్లకి అప్ప ఆవిడే, అమ్మ ఆవిడే.

ఆ మాట వినగానే వెంకటమ్మ చేతిలో కాయ మూకుట్లో పడింది. కొండ దాపు పల్లెల్లో ఏ పంటకైనా కొత్త చేసుకోందే ఎవరూ నోట పెట్టరు. చిక్కుడు కొత్త ఉంది, కంది కొత్త ఉంది. తొలి వాయిలో ఒక వంతు ఆకులో పెట్టి ఊరి పెద్దకి ఇచ్చి రావాలి. ఆయన ఒక గింజ నోట్లో వేసుకున్నాకే మిగతా ఊరు తినాలి. ఊరికే కాదు, ఆ గింజ తిన్నందుకు ఆ ఏడంతా ఆ ఇంటి మంచిచెడ్డలు ఆయనవే. పెట్టింది గుప్పెడే అయినా తిన్నవాడు కట్టుబడిపోతాడు.

"ఇక్కడ పెద్దెవులప్పా?" అంది వెంకటమ్మ.

"ఇంకెవులే. మనకి పనిచ్చీవోడు."

ఇద్దరికీ అందులో తప్పేమీ కనిపించలేదు. వెంకటమ్మ అరిటాకు ముక్కలో రెండు గుప్పెళ్ల కాయలు పెట్టి, మడిచి, ఈనెతో కుట్టి, లైన్ల చివరనున్న సర్దారు ఇంటికి బయల్దేరింది.

అది విడిగా ఉంటుంది. చెక్క గోడలు, రేకు కప్పు, ముందు వసారా, వెనక వంటిల్లు. రామ్ లాల్ వసారాలో పీట వేసుకుని యంగోనా తాగుతున్నాడు. ఈ ఊరివాళ్ల వేరు కషాయం అది. తాగితే నాలుక మొద్దుబారుతుంది, పైన కారంగా ఏదైనా పడితే బాగుండుననిపిస్తుంది. ఆకు విప్పి చూశాడు. ఒక కాయ లాగాడు. ఇంకోటి లాగాడు. ముక్కు ఎగబీల్చి, కళ్లు తుడుచుకుని, మూడోది లాగాడు.

"నేను విషమన్నదేగా ఇది?"

"పెద్దోరు తింతే ఇసం ఉండదు బాబూ" అంది వెంకటమ్మ, తనకి వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో.

సర్దారు నవ్వాడు. "రేపూ తే. ఇంకెవరితోనూ పంపొద్దు, నువ్వే తే."

తిరిగొస్తుంటే నీళ్ల తొట్టి దగ్గర ప్రేమ్‌వతి బిందె నింపుకుంటూ కనిపించింది. కిందటేడు నాలుగు నెలలు సర్దారుకి వండిపెట్టిన మనిషి. తర్వాత అతనికి మొహం మొత్తి పొమ్మన్నాడు. అప్పట్నుంచీ లైన్లలో ఏ పొయ్యి దగ్గరా ఆమెని కూర్చోమన్నవాళ్లు లేరు. అందరూ నింపుకుపోయాకే ఆమె తొట్టి దగ్గరికొస్తుంది. వెంకటమ్మ కూడా ఆమెతో మాట్లాడదు. ఎవరూ మాట్లాడరు కాబట్టి తనూ మాట్లాడదు, అంతే. ప్రేమ్‌వతి వెంకటమ్మ ఖాళీ చేతులవైపూ, ఆమె వచ్చిన దారివైపూ చూసి, బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వెంకటమ్మ, కేశవ, పైడమ్మ, బసంతి మూకుడు చుట్టూ కూర్చుని తొక్కలు గుట్ట పోశారు. బసంతి కన్నీళ్లు తుడుచుకుంటూనే తింది. మేక తొక్కలు తింది. ఓడ దిగిన తర్వాత ఇంత రుచిగా ఏదైనా తిన్నానా అని కేశవ ఆలోచించి ఆలోచించి, లేదన్నాడు.

శనివారం పొద్దున్న సర్దారు టాస్కులు కొలిచాడు. అతని చేతిలో ఒక వెదురు కర్ర ఉంటుంది. మనిషికి పన్నెండు కర్రల సాలు. ఆ సాలు పొద్దుగూకేలోగా పూర్తయితే రోజు దక్కినట్టు, ఒక్క మూర మిగిలినా రోజంతా పోయినట్టు. వెంకటమ్మ వంతు వచ్చేసరికి ఎనిమిది కర్రలు కొలిచి ఆపేశాడు.

మొదట వెంకటమ్మకి సంతోషమే వేసింది. పెద్ద కట్టుబడ్డాడనుకుంది. మధ్యాహ్నం తిరగ్గానే పని ముగించి, బసంతికి సాయం చేద్దామని ఆమె సాల్లోకి దిగింది.

బసంతి తలెత్తలేదు. "నా సాలు నేను చేసుకుంటాను."

"ఏటే, అలాగంతన్నావు?"

"సర్దారు కర్ర నీ దగ్గరికొచ్చేసరికి కురచైపోయింది. నాకేం తెలుసు ఎందుకో."

వెనక సాళ్లలో ఎవరో నవ్వారు. వెంకటమ్మ గడ్డిపార భుజాన వేసుకుని గట్టు మీద నిలబడింది. అందరూ వంగి తవ్వుతున్నారు, తనొక్కతే నిలబడి ఉంది. ఇదేమిటో ఆమెకి కొంచెం కొంచెంగా అర్థం కావడం మొదలైంది.

అయినా సర్దారు తెమ్మన్నాడు కదా అని సాయంత్రం రెండో ఆకు పట్టుకెళ్లింది. ఈసారి సర్దారు ఆకు వైపు చూడలేదు.

"ఇక్కడికి వచ్చేసరికి చల్లారిపోతున్నాయి" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. "సోమవారంనుంచి పని అయ్యాక ఇక్కడికే వచ్చి వండు. నా పొయ్యి మంచిది. నూనె, ఉప్పు, అన్నీ ఉన్నాయి. మీ ఆయనకి చెప్పు, సర్దారు చెప్పిన పని అని. నీ టాస్కు సంగతి నేను చూసుకుంటాను."

విడివిడిగా చూస్తే ఆ మాటల్లో తప్పుపట్టడానికి ఏదీ లేదు. వెంకటమ్మ ఆకు అక్కడే పెట్టి, వాటిని కలిపి చూసుకుంటూ వెనక్కి తిరిగింది. రానంటే? పన్నెండు కర్రలు పద్దెనిమిదౌతాయి. పని మిగిలిందని కోర్టుకెక్కిస్తారు. దొరతో చెప్పుకోవాలన్నా ఆ చెప్పేది రామ్ లాలే.

లైనుకి వచ్చేసరికి కేశవ గుమ్మంలో కూర్చుని చెరుకు కత్తికి ఆకురాయి పెడుతున్నాడు. శనివారం సాయంత్రం మగవాళ్లందరూ చేసే పనే అది. పొడుగ్గా ఒక రుద్దు, తిప్పి ఇంకో రుద్దు, బొటనవేలితో అంచు చూడ్డం. వారంవారం చూసేదే అయినా ఆ రోజు వెంకటమ్మ ఆ కత్తి మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. కిందటేడు ఏటికి దిగువన ఒక ఎస్టేటులో ఇలాంటి సంగతికే ఒక సర్దారుని చెరుకు కత్తితో నరికేశారు. నరికినవాణ్ణి సువా పట్నానికి తీసుకుపోయి ఉరితీశారు. వాడి పెళ్లాం ఇంకా అక్కడే గడ్డి తవ్వుతోంది.

కేశవ నెమ్మదస్తుడు. నెమ్మదస్తులతోనే భయం.

"ఏటలాగున్నావు?" అన్నాడు.

"కారం కళ్లల్లో పడినాది" అంది వెంకటమ్మ.

ఆదివారం పని లేదు. ఆడవాళ్లు బట్టలుతకడానికి ఏటికి వెళ్లారు. పైన పెద్ద బండల దగ్గర అందరూ, కిందికి పోయి మురికినీళ్లు దిగే చోట ప్రేమ్‌వతి ఒక్కతీ. వెంకటమ్మ మూట పట్టుకుని బండలు దాటి కిందికి నడిచింది. పైన మాటలు ఆగిపోయాయి. ఆమె వెనక్కి చూడలేదు.

ప్రేమ్‌వతి జరగలేదు, పలకరించలేదు. ఇద్దరూ చెరో బట్టా నానబెట్టారు.

"సోమారం నుంచి వచ్చి వండమన్నాడు" అంది వెంకటమ్మ, నీళ్లలోకి చూస్తూ.

ప్రేమ్‌వతి చీర జాడించి పిండింది. "నన్ను రొట్టెలడిగాడు. రెండు రోజులు మా గదిలో కాల్చి పట్టుకెళ్లాను. మూడోరోజు, మీ పిండి బాగోదు, నా దగ్గర మంచి పిండుంది, ఇక్కడే చెయ్యి అన్నాడు."

"మరి నువ్వెవులికీ సెప్పలేదేటి?"

"ఎవరడిగారు?"

వెంకటమ్మకి అది గుర్తుంది. సర్దారు గుమ్మంలోకి రొట్టెల పళ్లెంతో వెళ్తున్న ఈ మనిషిని తను కళ్లారా చూసింది. చూసి, ఇంటికెళ్లి పైడమ్మతో చెవులు కొరుక్కుంది. అంతకుమించి ఏమీ చేయలేదు.

"నాకింకెవులూ లేరు, నువ్వే సెప్పు. నానేటి సెయ్యాల?"

ప్రేమ్‌వతి పిండిన చీర దులిపింది. దాన్ని బండమీద పరుస్తూ అంది. "నేను వెళ్లినప్పుడు లైన్లలో అలాంటి రొట్టె ఇంకెవరికీ రాదని అందరూ అనేవాళ్లు. నీ కాయలూ అంతే, ఇంకెవరికీ రావు. అందుకే నువ్వే రావాలంటున్నాడు. అడగడానికి అతనికి అదొక్కటే సాకు."

వెంకటమ్మ తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. తర్వాత ఆ బట్ట అక్కడే వదిలేసి, లేచి, పైకి బండల దగ్గరికి నడిచింది. పైడమ్మకి చెప్పింది. బసంతికి చెప్పింది. గొంతు తగ్గించకుండా అందరికీ వినబడేలా చెప్పింది. పైడమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "నానే గదే నిన్ను పంపినాను" అని ఏడ్చింది. బసంతి లేచి వచ్చి వెంకటమ్మ చేతిలో చెయ్యి వేసింది. క్షమించమనలేదు, చేయి మాత్రం తీయలేదు.

ఆ మధ్యాహ్నం లైన్ల ఆడవాళ్లందరికీ మేకల మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. బుధవారం నాగళ్లొస్తే గట్ల మీద గడ్డి పోతుందంటూ మేకలున్నవాళ్లూ లేనివాళ్లూ బయల్దేరి మోపులు మోపులు కోసుకొచ్చారు. మోపుల్లో సగం కాయలే. తర్వాత వెంకటమ్మ గుమ్మంలో చేట పెట్టుకుని అందరికీ చూపించింది. కొసలు కోయడం, ఉప్పుతో పామడం, కాయ నొక్కి చూడడం, మిరపకాయ బరకగా నలపడం. దాచుకున్నదేమీ లేదు. నిమ్మకాయ పొయ్యి దించాకే పిండాలి, లేకపోతే చేదెక్కుతుందని కూడా చెప్పింది. ఆఖరివరుసలో గోడకానుకుని ప్రేమ్‌వతి నిలబడి వింది. రమ్మని చెప్పింది వెంకటమ్మే.

చీకటి పడకముందే కేశవకి సంగతంతా చెప్పింది. చెప్పేముందు కత్తి తీసి పైడమ్మ గదిలో పెట్టి వచ్చింది. కేశవ వింటున్నంతసేపూ నేలమీద గోటితో గీతలు గీశాడు. మొహం నల్లబడిపోయింది.

"నానేటి సెయ్యాల?" అన్నాడు చివరికి.

"రేపు సాయంత్రం గుమ్మంలో కూకుని కాయలు తిను మావా. లెగొద్దు. నాను తిరిగొచ్చిందాకా లెగొద్దు."

"అంతేనేటి?"

"అంతే."

అందరికన్నా కష్టమైన పని అతనికే ఇచ్చానని ఆమెకి తెలుసు.

సోమవారం సాయంత్రం లైన్లలో పదిహేడు పొయ్యిల మీద ఒక్కసారే మిరపకాయ పడింది. ఆ ఘాటుకి చెరుకు తోటలనుంచి వస్తున్న మగవాళ్లు దారిలోనే తుమ్మడం మొదలుపెట్టారు. పిల్లలు ఏడ్చారు, కుక్కలు దూరంగా పోయి కూర్చున్నాయి. పొద్దు చెరుకు మీదికి వంగేసరికి మగవాళ్లందరూ ఎవరి గుమ్మంలో వాళ్లు ఆకులు పెట్టుకుని కాయలు లాగుతున్నారు. కేశవ కూడా. ఒక్కో కాయా లాగి, తొక్క పక్కన పెట్టి, సర్దారు ఇంటివైపు చూసి, మళ్లీ ఇంకోటి తీస్తున్నాడు. ఏం తింటున్నాడో అతనికి తెలియదు.

వెంకటమ్మ ఒక ఆకు పొట్లం పట్టుకుని ముందు నడిచింది. వెనక పైడమ్మ, బసంతి, ఆ వెనక తక్కినవాళ్లు, అందరి చేతుల్లోనూ పొట్లాలు.

రామ్ లాల్ వసారాలో తయారుగా ఉన్నాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. వెనక వంటింట్లో పొయ్యి వెలిగించినట్టుంది, పొగ వస్తోంది. వరస చూసి పీటమీంచి సగం లేచాడు.

"ఏంటిది? నేను రమ్మన్నది దీన్నొక్కదాన్నే."

వెంకటమ్మ పొట్లం అతని ముందు పెట్టి పక్కకి జరిగింది. పైడమ్మ తన పొట్లం దాని పక్కన పెట్టింది.

"కొత్త తిండి బాబూ" అంది పైడమ్మ, ఊళ్లో పెద్దలతో మాట్లాడే వినయంతోనే. "మా దేశంలో ఇంటింటినుంచీ పెద్దకెట్టాల. ఒక్కిల్లే ఎడితే మిగతా ఇల్లకి మరియాద కాదు."

బసంతి ఆ మాట హిందీలో చెప్పింది. చెప్పి తన పొట్లం పెట్టింది. "మీకు వేడివేడిగా కావాలన్నారట. రేపట్నుంచి అందరం కలిసి మీ వంటింట్లోనే చేస్తాం సర్దార్‌జీ. పదిహేడుమందికీ చోటు చాలుతుందా?"

వసారా నేలమీద పొట్లాలు పెరుగుతున్నాయి. రామ్ లాల్ లైన్లవైపు చూశాడు. అక్కడ మగవాళ్లు ఎవరూ లేవలేదు, ఎవరూ అరవలేదు. కూర్చుని తింటున్నారు. ఎస్టేటు పంట దొంగిలించారని దొర దగ్గరికి పోదామంటే, తన వసారా నిండా అదే పంట. శుక్రవారంనుంచీ తిన్నదీ అదే.

"వద్దు" అన్నాడు. "ఎవరూ రావద్దు. ఇంక ఏమీ తేవద్దు."

"నన్ను కూడానా బాబూ?" అంది వెంకటమ్మ. ఆ మాట అతని నోటితోనే రావాలి, అందరూ వినాలి.

"నువ్వూ రావద్దు. పోండి."

రేపు టాస్కు ఎన్ని కర్రలవుతుందో వెంకటమ్మ ఊహించుకోగలదు. కానీ ఈసారి తన ఒక్కదానికే అవ్వదు. ఆమె ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగింది.

ఎవరూ కదల్లేదు. ఆఖరి మనిషి ఇంకా మిగిలింది.

ప్రేమ్‌వతి వాకిట్లోకి వచ్చింది. మెట్టు దగ్గర ఆగింది. ఏడాదినుంచీ ఆమె ఈ వాకిలి తొక్కలేదు.  రామ్ లాల్ ఆమె మొహంవైపు చూడలేదు.

"నీదీ పెట్టి పో" అన్నాడు.

ప్రేమ్‌వతి పెట్టలేదు. అక్కడే నిలబడి ఆకు విప్పింది. ఒక కాయ తీసి, కొస పట్టుకుని, పళ్ల మధ్య పెట్టి లాగింది. నిదానంగా నమిలి మింగింది. తొక్క అతని మెట్టుమీద పడేసింది. ఇంకో కాయ తీసింది. అది తిని, దాని తొక్కా పడేసింది. మూడోది, నాలుగోది.  లైన్లలో మగవాళ్లు కూడా తినడం ఆపి చూస్తున్నారు. రామ్ లాల్ కాసేపు పీటమీద అటూ ఇటూ కదిలాడు. చివరికి లేచి, లోపలికి వెళ్లి, తలుపేసుకున్నాడు.

ప్రేమ్‌వతి తినడం ఆపలేదు. తొందరపడలేదు కూడా.  ఆకులో ఉన్న కాయలన్నీ అయ్యేదాకా మిగతా పదహారుమందీ ఆ వాకిట్లోనే నిలబడ్డారు, ఒక్కరు కూడా ముందు వెళ్లిపోలేదు.

ఆకు ఖాళీ అయ్యాక ప్రేమ్‌వతి వేళ్లు కొంగుకి తుడుచుకుంది.

"ఉప్పు సరిపోయినాదా?" అని అడిగింది వెంకటమ్మ. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది.

"ఎక్కువైంది" అంది ప్రేమ్‌వతి. "ఒక్కదానికి వండుకుంటే లెక్క తెలియదు."

వెంకటమ్మకి కళ్లు చెమ్మగిల్లాయి, సిగ్గుతోనే. ఏడాదిగా ఒకే తొట్టి నీళ్లు తాగారు, ఒకే మడిలో గడ్డి తవ్వారు.

"రేపట్నుంచి నా పొయ్యి కాడికి రా" అంది. "కల్సి ఒండుకుందాం."

ప్రేమ్‌వతి తలూపింది. బసంతి పక్కకి జరిగి చోటిచ్చింది. అందరూ లైన్లవైపు నడిచారు. కేశవ అప్పటికింకా గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.